బ్యాంకాక్‌లో కాపురం: జాగ్రత్త పడాల్సింది బండితో, ఆ తర్వాత మన నోటితో

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: బ్యాంకాక్‌లో ఉద్యోగం వచ్చింది, భార్యనీ ఆరేళ్ల పాపనీ తీసుకెళ్లాలి. అక్కడ ఏళ్ల తరబడి ఉంటున్న విదేశీయులు రాసుకున్నవి చదివితే ఒకాయన స్వర్గం అంటున్నాడు, ఇంకొకాయన పొద్దుగూకాక బయటికి రావద్దంటున్నాడు, మూడో ఆయన నవ్వుతూనే ముంచేస్తారంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?

నేను పన్నెండేళ్లుగా ఇక్కడున్నాను. మొదటి అయిదేళ్లు చోన్‌బురి జిల్లా శ్రీరాచాలో, కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగం చూశాను. తర్వాత బ్యాంకాక్ వచ్చి ఓన్‌నుట్ దగ్గర స్థిరపడ్డాం. మా అమ్మాయి అక్షరాలు దిద్దింది ఇక్కడే.

ఆ రాతలన్నీ అబద్ధాలేం కావు. కాకపోతే రాసినవాడు ఎవడో ముందు చూడాలి. పటాయాలో ఉండే అరవై అయిదేళ్ల ఇంగ్లండ్ రిటైర్డ్ పెద్దమనిషికి రోజు మొదలయ్యేదే సాయంత్రం బార్ల వీధిలో. ఆయన గొడవలన్నీ బిల్లు దగ్గరో, స్నేహితురాలి పేరు మీద కొన్న స్థలం దగ్గరో వస్తాయి (విదేశీయుడు ఇక్కడ భూమి కొనలేడు, అందుకే ఆమె పేరు మీద కొంటాడు). చియాంగ్‌మైలో లాప్‌టాప్ పెట్టుకుని పనిచేసుకునే కుర్రాడు నవంబరులో స్వర్గం అని రాస్తాడు. పొలాలూ అడవులూ తగలబడి ఊరంతా పొగ కమ్మేసే మార్చిలో వాడే నరకం అంటాడు. లండన్ నుంచి వచ్చినవాడికి ఇక్కడి ఫుట్‌పాత్ మీద నూడుల్స్ బండి ఉండటం ఘోరం. హైదరాబాద్ నుంచి వచ్చిన నాకు అసలు ఫుట్‌పాత్ అనేది ఉండటమే వింత. వాళ్ల భయాలు వాళ్లవి. మనకు అవి అటూ ఇటూగా తిరగబడతాయి: వాళ్లు భయపడే చాలా చోట్ల మనం నిశ్చింతగా ఉండొచ్చు, వాళ్లు రెండు ముక్కల్లో తేల్చేసిన చోట మనం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

ముందు తేలికైనది. మీ ఆవిడ రాత్రి పదింటికి ఒక్కతే రైలు దిగి ఇంటికి నడిచి రావచ్చా? రావచ్చు. మా ఆవిడ వస్తుంది. సందు మొదట్లో సెవెన్ ఎలెవెన్ రాత్రంతా తెరిచే ఉంటుంది, దాని పక్కన కాల్చిన మాంసం అమ్మే బండి, నారింజ రంగు జాకెట్లేసుకుని కూర్చున్న మోటార్‌సైకిల్ టాక్సీవాళ్లు. వీధి నిద్రపోదు. వెంటపడటం, కామెంట్లు విసరడం, బస్సులో ఒంటి మీద పడటం లాంటివి మన ఊళ్లతో పోలిస్తే చాలా తక్కువ. నేను చెబితే కన్నా మా ఆవిడ చెబితే బాగుంటుంది కానీ, ఆమె మాట ఒక్కటి: "ఇక్కడికొచ్చాక పది నెలలకి తెలిసింది, నేను నడిచేటప్పుడు భుజాలు బిగబట్టుకోవడం మానేశానని."

జేబుదొంగలు, గొలుసు దొంగలు ఉన్నారు. ముఖ్యంగా పటాయాలో అర్ధరాత్రి బీచ్ రోడ్డు మీద మెడలో లావుపాటి గొలుసులతో తిరిగే మనవాళ్ల కోసమే చూస్తుంటారు. గ్రాండ్ ప్యాలెస్ ఇవాళ మూసేశారని చెప్పి టుక్‌టుక్ ఎక్కించి రత్నాల కొట్టుకు తీసుకెళ్లే మోసం నా కంటే వయసులో పెద్దది. బీచ్‌లో జెట్‌స్కీ అద్దెకు తీసుకుంటే ముందున్న గీతలకే డబ్బు గుంజుతారు. వీటన్నిటికీ పర్యాటక పోలీసుల నంబరు 1155, మామూలు పోలీసు 191, అంబులెన్సు 1669. ఫోన్‌లో పెట్టుకుని ముందుకు పోదాం.

తుపాకుల సంగతి మాత్రం నిజం. 2020లో కోరాట్‌లో, 2022లో నోంగ్ బువా లంఫూ పిల్లల సంరక్షణ కేంద్రంలో, 2023 అక్టోబరులో బ్యాంకాక్ సియామ్ పారగాన్ మాల్‌లో కాల్పులు జరిగాయి. మాల్ ఘటన రోజు నేను రెండు స్టేషన్ల అవతల ఉన్నాను. దేశంలో జనం చేతుల్లో తుపాకులు చాలానే ఉన్నాయి. దాని నుంచి నేను నేర్చుకున్నది మాల్‌కి వెళ్లడం మానేయాలని కాదు, రోడ్డు మీద అపరిచితుడితో తగువు పెట్టుకోకూడదని. దక్షిణాన పట్టాని, యాల, నరాథివాత్ జిల్లాల్లో 2004 నుంచీ వేర్పాటువాద హింస సాగుతోంది. కంబోడియా సరిహద్దులో 2025లో రెండు సైన్యాలూ తలపడ్డాయి. ఆ రెండు వైపులకీ విహారానికి వెళ్లకండి. బ్యాంకాక్ కాపురానికి వాటితో పని లేదు.

ఇక అసలు ప్రమాదం. రోడ్డు.

మన రోడ్లు చూసినవాళ్లం, మనకేంటి అనుకుంటాం. నేనూ అనుకున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 సంవత్సరానికి వేసిన అంచనాలో రోడ్డు ప్రమాదాల మరణాలు లక్ష జనాభాకు మన దేశంలో దాదాపు 15, థాయిలాండ్‌లో దాదాపు 25. ఇక్కడ చనిపోయినవాళ్లలో అయిదింట నలుగురు టూవీలర్లు, త్రీవీలర్ల మీదున్నవాళ్లే. కారణం చూస్తే తెలుస్తుంది. మన దగ్గర గుంతలూ గేదెలూ ఆటోలూ కలిసి వేగాన్ని తొక్కిపెడతాయి. దెబ్బ తగిలినా ముప్పై నలభై వేగంలో తగులుతుంది. ఇక్కడ రోడ్లు నున్నగా, వెడల్పుగా ఉంటాయి, పికప్ ట్రక్కులు వందకు తగ్గవు. యూటర్న్ రెండు కిలోమీటర్ల అవతల ఉంటే బండివాడు అంచునే ఎదురొస్తాడు. హెల్మెట్ ముందున్నవాడికి ఉంటే వెనకున్నవాళ్లకు ఉండదు. పైగా తాగి నడపడం. ఏప్రిల్ 13 నుంచి సోంగ్‌క్రాన్ పండగ (అది మన సంక్రాంతి మాటే, సూర్యుడు మేషంలోకి వచ్చే సంక్రాంతి), మళ్లీ జనవరి కొత్త సంవత్సరం. ఈ రెండు సెలవులకీ ప్రభుత్వమే 'ఏడు ప్రమాదకర దినాలు' అని పేరు పెట్టి రోజూ చావుల లెక్క ప్రకటిస్తుంది.

జీబ్రా గీతల్ని నమ్మకండి. 2022 జనవరిలో బ్యాంకాక్ నడిబొడ్డున గీతల మీద దాటుతున్న ఒక యువ కంటి డాక్టరును పెద్ద బైకు గుద్ది చంపింది. నడిపింది పోలీసు. దేశమంతా అట్టుడికింది, గీతలకు ఎర్ర రంగు వేశారు, కెమెరాలు పెట్టారు. నేను ఇప్పటికీ మా అమ్మాయి చెయ్యి పట్టుకుని, కార్లు ఆగాక కూడా, వాటి పక్క నుంచి బైకు దూసుకొస్తుందేమో తొంగి చూశాకే అడుగేస్తాను. మీ పాపకి మొదటి వారంలో నేర్పాల్సింది ఇదే, థాయ్ అక్షరాల కంటే ముందు.

మీరు బండి కొనొద్దు. అద్దెకూ తీసుకోవద్దు. 'ఊళ్లో ఇరవై ఏళ్లు నడిపాను' అనేవాళ్లనే ఎక్కువగా ఆసుపత్రిలో చూశాను. చెల్లే టూవీలర్ లైసెన్సు లేకుండా నడిపితే బీమా కంపెనీ పైసా ఇవ్వదు, ప్రైవేటు ఆసుపత్రి డిపాజిట్ అడుగుతుంది, బిల్లు లక్షల బాట్లలో (ఇక్కడి డబ్బు) వస్తుంది. అద్దె కొట్టువాడు పాస్‌పోర్టు తాకట్టు అడిగితే అక్కడి నుంచే వెనక్కి రండి. ఇల్లు బీటీఎస్‌కో ఎంఆర్‌టీకో (రెండూ ఇక్కడి మెట్రో రైళ్లు) పది నిమిషాల నడకలో చూసుకోండి. అద్దె మూడు నాలుగు వేల బాట్లు ఎక్కువైనా సరే. కుటుంబ భద్రతకు ఇక్కడ పెట్టే అతి మంచి ఖర్చు అదే.

ఇక నోటి సంగతి. ఇది నా సొంత తప్పుతో చెప్పాలి.

ఫ్యాక్టరీలో నా రెండో నెల. ఒక లాట్ మొత్తం తిరిగొచ్చింది. లైన్ మీద ఇరవై మంది చూస్తుండగా టెక్నీషియన్‌ని నిలబెట్టి, మన పద్ధతిలో, గొంతెత్తి నాలుగు దులిపాను. అతను నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఇంకా మండింది. 'ఖ్రాప్' (మన 'అండీ' లాంటిది) అన్నాడు. మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. సరే పోనీ అనుకున్నాను. అసలు నష్టం తర్వాత తెలిసింది. ఆరు నెలల పాటు ఆ లైన్ మీద ఎవరూ నాకు ఒక్క సమస్య కూడా చెప్పలేదు. ఏది అడిగినా 'డై ఖ్రాప్', అంటే అవుతుందండీ. ఒకరోజు నేనే వంగి చూస్తే ప్రెస్ మెషీన్‌లో చెయ్యి పడకుండా ఆపే సెన్సర్ పాడై, దాని మీద టేపు చుట్టి నడిపిస్తున్నారు. ఎన్నాళ్ల నుంచి అంటే మూడు వారాలు. నాకెందుకు చెప్పలేదంటే ఎవరూ మాట్లాడలేదు, మళ్లీ అదే నవ్వు. ఎవరి వేళ్లయినా పోయి ఉంటే ఆ పాపం సగం నాదే.

ఆ సాయంత్రం మా సూపర్‌వైజర్, నాకంటే పదేళ్లు పెద్దాయన, నూడుల్స్ బండి దగ్గరికి తీసుకెళ్లి మెల్లగా రెండు మాటలు చెప్పాడు. ఒకటి 'జై యెన్ యెన్': గుండె చల్లగా ఉంచుకో. రెండోది 'క్రెంగ్ జై'. ఈ రెండో మాటకు తెల్లవాళ్లు పేజీలకు పేజీలు వ్యాఖ్యానాలు రాస్తారు, అర్థం కాని తూర్పు దేశపు రహస్యం అన్నట్టు. ఆయన వచ్చీరాని ఇంగ్లిషులో వివరిస్తుంటే నాకు నవ్వొచ్చింది. మొహమాటం! ఎదుటివాడిని ఇబ్బంది పెట్టకూడదని, పెద్దాయన ముందు కాదనలేక, ఆకలేస్తున్నా ఇప్పుడే తిన్నానండీ అనడం. మనకు ఒక్క మాటలో ఉంది.

నాకు ఇక్కడ ఇల్లులా అనిపించడం మొదలైంది ఆ రోజే. ఆ తర్వాత అన్నీ అలాగే కనిపించాయి. పెద్దవాళ్లని 'పీ' అంటారు, చిన్నవాళ్లని 'నోంగ్' అంటారు, హోటల్లో వడ్డించే అమ్మాయినీ అంతే. మన అన్నా, తమ్ముడూ, చెల్లీ. వీధిలో ఎదురైతే 'కిన్ ఖావ్ రూయంగ్' అని అడుగుతారు, అన్నం తిన్నావా అని. 'పై నై మా' అంటే ఎక్కడికెళ్లొస్తున్నావని. జర్మన్ సహోద్యోగి ఒకడు, నేనెక్కడికెళ్తే వీళ్లకెందుకని నెలకోసారి గొణిగేవాడు. లావయ్యావంటే మొహానే అంటారు. మనవాళ్లు అనరూ? కాలు తగిలితే తప్పు, తల పవిత్రం, పుస్తకం తొక్కకూడదు. వీటిని మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. టెలిఫోన్‌ని 'థోరసప్' అంటారు, అది దూరశబ్దం. విశ్వవిద్యాలయం 'మహావిత్తయలై'. మీరు దిగే విమానాశ్రయం పేరే సువర్ణభూమి. కార్తీక పౌర్ణమికి మనం అరటి దొప్పల్లో దీపాలు వదిలినట్టే వీళ్లు లోయ్ క్రథోంగ్ రోజున అరటి బోదె ముక్క మీద పూలూ దీపమూ పెట్టి చావ్‌ఫ్రాయా నదిలో వదులుతారు. మా అమ్మ వచ్చినప్పుడు చూసి, "వీళ్లూ మనవాళ్లేరా" అంది.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. తెల్లవాడికి తనకేమీ తెలియదని తెలుసు, జాగ్రత్తగా మసులుకుంటాడు. మనకు సగం తెలుసు, మిగతా సగమూ తెలుసనుకుంటాం. మన దగ్గర మొహమాటమూ ఉంది, గట్టిగా అరవడమూ ఉంది. అరిచి, పావుగంట తర్వాత టీ తాగుతాం. ఇక్కడ ఆ రెండోది లేదు. నలుగురిలో గొంతెత్తితే అతని పరువు తీసినట్టు, మీ పరువు మీరు తీసుకున్నట్టు కూడా. వీధిలో హారన్ కొట్టడం కూడా తిట్టినట్టే. బార్ దగ్గరో పార్కింగ్ దగ్గరో వాదనకు దిగితే అతను నవ్వుతూ నవ్వుతూ ఒక్కసారిగా కొడతాడు, ఆ చుట్టుపక్కల వాళ్లంతా ఏమిటని అడక్కుండా అతని వైపు దిగుతారు. పాత కాపులందరూ, ఏ దేశంవాళ్లయినా, ఏకాభిప్రాయంతో చెప్పేది ఇది ఒక్కటే. 'ఖో థోట్ ఖ్రాప్' అని క్షమాపణ చెప్పి, తప్పు మీది కాకపోయినా, వచ్చేయండి.

ఆఫీసులో 'ఖ్రాప్', 'ఖా' అంటే మీరు చెప్పింది వినబడింది అని మాత్రమే. ఒప్పుకున్నట్టు కాదు. అవుతుందా అని అడక్కండి, ఎప్పటికల్లా ఎలా చేద్దాం అని, విడిగా అడగండి.

జాతి వివక్ష గురించి అడిగారు. ఉంది. మనల్ని 'ఖేక్' అంటారు. మాటకు అసలు అర్థం అతిథి, వాడుకలో భారతీయులూ అరబ్బులూ మలయ ముస్లిములూ అందరూ ఖేకులే. మామూలుగానూ అంటారు, చిన్నచూపుతోనూ అంటారు, స్వరాన్ని బట్టి తెలుస్తుంది. పామూ భారతీయుడూ కలిసి ఎదురైతే ముందు భారతీయుణ్ణి కొట్టమనే పాత సామెత కూడా ఉంది. ఇల్లు వెతికేటప్పుడు ఏజెంటు ఏ దేశమని మొదటే అడుగుతాడు, రెండు చోట్ల మాకు లేదన్నారు. కారణం వంట వాసన. నిజం చెప్పాలంటే ఇక్కడి కాండోల్లో (అపార్ట్‌మెంట్లలో) వంటగది పడకగదికి ఆనుకుని ఉంటుంది, పొగ పోయే దారి ఉండదు. మనం ఇంగువ తాలింపు వేస్తే ఆ అంతస్తు మొత్తానికీ తెలుస్తుంది. విడిగా తలుపున్న వంటగది, బాల్కనీ ఉన్న ఇల్లే చూడండి, మీకూ పొరుగుకూ సుఖం.

మా అమ్మాయి రెండో తరగతిలో ఒకరోజు, నేనెందుకు నల్లగా ఉన్నానని ఏడుస్తూ వచ్చింది. తోటి పిల్ల అందట. తెల్లబడే క్రీముల ప్రకటనలు రైలు పెట్టె నిండా ఉండే దేశం మరి. చాలా కోపం వచ్చింది. తర్వాత మన పెళ్లి సంబంధాల మాటలు గుర్తొచ్చి కోపం సగానికి దిగింది. టీచరుతో, జై యెన్ యెన్‌గానే, మాట్లాడాం. ఆమె తరగతికి చెప్పింది.

మనవాళ్లు గుంపులుగా పటాయా వచ్చి చేసే నిర్వాకం కూడా ఈ చిన్నచూపుకి తోడైంది. అడక్కుండా ఆడవాళ్ల ఫోటోలు తీయడం, ధర రాసి ఉన్న కొట్టులో అరగంట బేరమాడటం. దాని మూల్యం ఇక్కడ కాపురముండేవాళ్లం చెల్లిస్తాం. బ్యాంకాక్‌లో మనవాళ్ల బజారు ఫాహురాట్‌లో తరాల నుంచి బట్టల వ్యాపారం చేస్తున్న పంజాబీ కుటుంబాలను చూడండి, థాయ్ గడగడా మాట్లాడతారు, వాళ్లని ఎవరూ ఏమీ అనరు. భాష నాలుగు ముక్కలు వస్తే ఇంటి ఓనరు మొహం మారిపోవడం నేను కళ్లారా చూశాను.

చట్టాల్లో మనకు అలవాటు లేనివి కొన్ని. రాజు, రాజకుటుంబం గురించి జోకు, వ్యాఖ్య, షేరు ఏదీ వద్దు. 112వ సెక్షన్ కింద ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్ల జైలు, విదేశీయులకు మినహాయింపు లేదు. నోటు కింద పడితే కాలితో ఆపకండి, దాని మీద రాజు బొమ్మ ఉంటుంది. ఉదయం 8కి, సాయంత్రం 6కి పార్కులో, స్టేషన్‌లో జాతీయగీతం వినిపిస్తే నిలబడిపోవాలి. మన జమ్మికుంటలో రోజూ పొద్దున్నే జనగణమనకి ఊరు ఆగిపోతుందే, అలా. పరువునష్టం ఇక్కడ క్రిమినల్ నేరం. 2020లో కో చాంగ్ దీవిలో ఒక రిసార్టు మీద ఘాటైన రివ్యూలు రాసిన అమెరికన్ టీచరు రెండు రాత్రులు జైల్లో ఉండి, క్షమాపణ చెప్పుకోవాల్సొచ్చింది. కోపంతో ఏదీ రాయకండి. వేప్ (ఈ సిగరెట్టు) తేకండి. మీ ఆవిడ భిక్షువులకు ఏదైనా ఇవ్వాలంటే నేరుగా చేతికి కాకుండా ముందున్న గుడ్డ మీదో పాత్రలోనో పెట్టాలి.

ఒకటి మాత్రం నన్ను ఆగి చెప్పనివ్వండి. మీ ఆఫర్ ఎవరు ఇచ్చారు? కంపెనీ నేరుగానా, మధ్యవర్తా? బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ, డిజిటల్ సేల్స్ అని చెప్పి, విమానాశ్రయం నుంచి నేరుగా కారులో మయన్మార్ సరిహద్దు ఊరు మే సోట్‌కి తరలించి, మోయి నది దాటించి, మయన్మార్‌లోని మ్యావడీ స్కామ్ కేంద్రాల్లో పడేసిన పిల్లల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. పాస్‌పోర్టు లాక్కుని రోజుకు పదిహేను గంటలు ఆన్‌లైన్ మోసాలు చేయించారు. 2025 మార్చిలో భారత ప్రభుత్వం వాయుసేన విమానాలు పంపి మే సోట్ నుంచి అయిదు వందల మందికి పైగా వెనక్కి తెచ్చింది. విదేశీయులు రాసే భద్రతా చర్చల్లో ఈ ముక్క దాదాపు కనబడదు, ఎందుకంటే ఆ వల వాళ్ల కోసం వేసింది కాదు. గుర్తు సులువు: అసలైన కంపెనీ మీరు బయల్దేరక ముందే నాన్ ఇమిగ్రెంట్ బి వీసాకి (ఉద్యోగానికి వచ్చేవాళ్ల వీసా) కాగితాలు పంపుతుంది. ముందు వీసా లేకుండా టూరిస్టుగా వచ్చేయండి, వచ్చాక మారుస్తాం అన్నారంటే ఆగిపోండి. ఆఫీసు చిరునామా మే సోట్ వైపు ఉన్నా, ఆఫీసు ఎక్కడో చెప్పకపోయినా అంతే. అనుమానముంటే సుఖుమ్‌విత్ 23వ సందులోని మన రాయబార కార్యాలయానికి మెయిల్ రాసి కంపెనీ పేరు అడగండి.

కాగితాల పని మామూలే: మీరు దిగిన 24 గంటల్లో ఇంటి ఓనరు ఇమిగ్రేషన్‌కి తెలియజేయాలి, తర్వాత 90 రోజులకోసారి చిరునామా రిపోర్టు. వర్క్ పర్మిట్ చేతికి రాకముందు పని మొదలుపెట్టకండి. ఇంటర్నేషనల్ స్కూలు ఫీజు కంపెనీ భరిస్తుందా అన్నది జీతం కంటే ముందు అడగండి.

తిండి గురించి మీరు అడగలేదు, మీ ఆవిడ అడుగుతుంది. శాకాహారమైతే 'జే' అనాలి, పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉన్న కొట్టు చూడండి. ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. మామూలు హోటల్లో కూరగాయలన్నా అందులో చేప సాస్ ఉంటుంది. కరివేపాకు, పప్పులు ఫాహురాట్‌లో దొరుకుతాయి. గోంగూర కోసం మూడేళ్లు బెంగపెట్టుకున్నాం. ఆఖరికి బ్యాంకాక్ పక్కనున్న మహాచాయ్‌లో బర్మా కార్మికుల సంతలో కట్టలు కట్టలు కనిపించింది, వాళ్లు దాన్ని చిన్ బౌంగ్ అంటారు. అమ్మే ఆవిడ, అన్ని కట్టలు ఎందుకని మమ్మల్ని వింతగా చూసింది.

మీ ఆఫీసు ఏ బీటీఎస్ స్టేషన్ దగ్గరో చెప్పండి. ఆ లైన్ మీద ఏ సందులో వానాకాలం మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయో, పాపని నడిపించుకుంటూ వెళ్లడానికి ఎక్కడ ఫుట్‌పాత్ సరిగ్గా ఉందో చెబుతాను.